గుగ్గిలం పూసిన చక్రాలు

కాస్త ముందుకు జరిగి కూర్చోండి తల్లీ, నాయనా. నా గొంతు చిన్నది, వెనకవాళ్లకు కూడా వినపడాలి. నాలుగు కాళ్ల జీవాలకు కూడా కష్టసుఖాలిచ్చిన ఆ అప్పన్న స్వామికి ఒక దణ్ణం పెట్టుకుని మొదలుపెడుతున్నాను. ఇది నవ్వుకునే కథలాగే మొదలవుతుంది. చివరిదాకా అలాగే ఉంటుందని మాత్రం మాటివ్వలేను.

ఎర్రకొండ అని ఒక కొండ. ఒకప్పుడు మనుషులు దాన్ని తవ్వి రాయి తీసుకుపోయారు. రాయి అయిపోయాక వాళ్లూ పోయారు. పోతూ పోతూ కొండ పక్కన ఒక పెద్ద గొయ్యి, పైనుంచి కిందిదాకా మెలికలు తిరిగే బండ్లదారి, నాలుగు చక్రాల తోపుడు బండ్లు కొన్ని వదిలేశారు. కొండ కింద వాగు. ఎండాకాలం వస్తే వాగు ఎండిపోయి, ఇసుకలో ఒకే ఒక్క చెలమ ఊరుతుంది. అడవికంతటికీ అదే దిక్కు. ముందు తాగినవాళ్లకు నీళ్లు, తర్వాతి వాళ్లకు బురదనీళ్లు, చివర వచ్చినవాళ్లకు తడి ఇసుక.

పూర్వం ఈ వంతుల కోసం కుమ్ముకుని చచ్చేవారట. అది చూడలేక ఎలుగుబంటి జంబయ్య తాత ఒక కట్టుబాటు పెట్టాడు. ఎండలు ముదరగానే గొర్రెల తరఫున ఒక బండి, మేకల తరఫున ఒకటి, కుందేళ్లు, ఉడతలు లాంటి చిన్న జీవాల తరఫున ఒకటి కొండ మీంచి దిగాలి. ముందు ఎవరి బండి కిందికి చేరితే ఆ ఏడు వాళ్లది మొదటి వంతు. అదీ మిట్టమధ్యాహ్నమే దిగాలి. ఎర్రటి ఎండలో నాలుక పిడచకట్టినప్పుడే ఏ నీటికోసం పరిగెడుతున్నామో గుర్తుంటుందని తాత మాట.

బండి తోలడం తేలికేం కాదు. ముందు చక్రాలకు కట్టిన పగ్గాలు నోట కరిచి బండి తిప్పాలి. వెనక తాడుకు ఒక మొద్దు కట్టి ఉంటుంది. మలుపు వచ్చినప్పుడు దాన్ని కాలితో కిందికి తన్నితే నేలను రాసుకుంటూ బండిని నిమ్మళపరుస్తుంది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది, ఇది చెవిలో వేసుకోండి. తోలేవాడు కాక ఇంకెవరు బండిని ముట్టుకుని సవరించినా, వాళ్లు పందెంలో ఆ బండి మీద వెనక కూర్చోవాలి. ఒకరి బండికి ఇంకొకరు చక్రం ఊడకుండా పట్టే చీల వదులు చేసి పోయిన రోజులు తాత చూశాడు. తన ప్రాణం కూడా అందులో ఉంటే ఎవడూ చీల వదులు చెయ్యడని ఆయన లెక్క. ఎవరూ ముట్టుకోకపోతే వెనక బరువుకి ఒక రాయి కట్టుకుంటే చాలు.

ఇక మన గొర్రెల మందకు పెద్ద పొట్టేలు కొమ్మరాజు. మెలితిరిగిన కొమ్ములు, బానలాంటి ఛాతీ, నేల అదిరే నడక. నిరుడు అతని బండి అందరికంటే ఆఖరున వచ్చింది. గుండు మలుపు అని ఒక చోటుంది. లోపలివైపు ఏనుగంత బండరాయి, బయటివైపు క్వారీ గొయ్యి. అక్కడ కొమ్మరాజు మొద్దు తన్నడం ఆలస్యం చేసి బండిని రాతికి కొట్టాడు. ఆ ఎండాకాలం గొర్రెలకు తడి ఇసుకే మిగిలింది. అతని పిల్లలు ముగ్గురిలో ఇద్దరు ఆ ఇసుకను నాకుతూ నాకుతూ పోయారు. మిగిలింది ఒక్క ఆడపిల్ల, చిట్టి. ఈసారి కూడా ఆఖరైతే అది కూడా దక్కదని కొమ్మరాజుకు తెలుసు, అతని భార్య గౌరికి ఇంకా బాగా తెలుసు.

నిరుడు గెలిచింది ఎవరనుకున్నారు? గాడిద పోలమ్మ. తనకంటూ మంద లేదు, పిల్లల్లేరు. కుందేళ్ల తరఫున తోలుతుంది. బండి చూస్తే ఏ హంగూ లేని పాత చెక్క. చేసే పనల్లా ఒకటే. పందెం ముందు రోజూ ఆ దారి వెంట బండి లేకుండా కిందికి నడుస్తుంది, మళ్లీ పైకి నడుస్తుంది. ఎక్కడ కంకర పొర్లింది, ఎక్కడ మట్టి గుల్లబారింది, ముక్కు నేలకు ఆనించి చూసుకుంటుంది.

ఒకరోజు కొమ్మరాజు ఎదురుపడితే తనే పలకరించింది.

"అన్నా, నాతో రెండు పూటలు నడవరాదూ? నిరుడు నీ బండిలో ఏ లోపమూ లేదు. అది కిర్రుమని అరుస్తూనే ఉంది, నువ్వే వినలేదు."

కొమ్మరాజు ఎగాదిగా చూశాడు. "ఏమే పోలమ్మా, గాడిదకేం తెలుసు గంధపు వాసన అంటారు. నాకు నడక నేర్పుతావా? నా బండి మంచిది కాదు, అంతే."

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. పోలమ్మ చెవులు దులుపుకుని తన దారిన తను నడిచింది.

ఈ మాటలన్నీ తంగేడు పొద చాటున ఒకరు విన్నారు. నక్క గవరయ్య. నక్క వినయం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రమే గొర్రెల దొడ్డి దగ్గరకొచ్చి దూరంగా కూర్చుని, తోక ముందుకు చుట్టుకుని, బావగారి మీద జాలితో నిద్ర పట్టలేదన్నాడు. కొమ్ములున్న వీరుణ్ణి పట్టుకుని గాడిద పాఠం చెప్పడమేమిటని వాపోయాడు. లోపం బండిలో ఉంది గాని బావలో లేదని అడవి అంతటికీ తెలుసునన్నాడు. కొమ్మరాజుకు కావలసిన మాట అదే. మనం వినాలనుకున్న మాట ఎవరు చెప్పినా వాడు చుట్టంలాగే కనిపిస్తాడు కదా నాయనా.

గవరయ్య మందు చెప్పాడు. గుగ్గిలం చెట్టు జిగురు తెచ్చి, ఎండుటాకుల మంట మీద కరిగించి, ఇప్పనూనె కలిపి చక్రాలకు మందంగా పట్టించాలి. బండి నేలను ఉడుములా పట్టుకుంటుంది. అంత పట్టు ఉన్నప్పుడు మొద్దు దండగ బరువు, తీసెయ్యాలి. వెనక నెమలి ఈకలు విసనకర్రలా కట్టాలి, గాలి వాటిని తొక్కిపెట్టి బండిని ఎగరనివ్వదు. గంటలు కూడా కట్టించబోయాడు గాని చిట్టి నవ్వేసరికి ఊరుకున్నాడు.

పని అంతా గౌరి చేసింది. జిగురు తెచ్చింది, కాచింది, కాళ్లు బొబ్బలెక్కుతుంటే చక్రాలకు పూసింది. గవరయ్య బండరాయి మీద కూర్చుని "ఇంకాస్త మందంగా చెల్లెమ్మా, అంచుకు కూడా" అంటూ చెప్పాడేగాని దగ్గరకు రాలేదు. తోక వెంట్రుక కూడా బండికి తగలనివ్వలేదు.

గౌరికి ఒకచోట అనుమానం తట్టింది. "అన్నయ్యా, ఇన్ని చెబుతున్నావు, నువ్వే వచ్చి ఒకసారి సరిచూడొచ్చు కదా?"

గవరయ్య చెవులు మూసుకున్నంత పని చేశాడు. "నాది మాంసం తినే నోరమ్మా. మీరు ఆకూ అలమూ తినే పవిత్రులు. నా పంజా తగిలితే బండికి మైల."

ఆ భక్తికి గౌరి కరిగిపోయింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది అంటారే, ఆ మాట పుట్టిన చోటు ఇదేనేమో అనిపిస్తుంది నాకు.

సాధన కూడా గవరయ్య చెప్పిన వేళకే. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు తోలమన్నాడు, ఎండలో తోలితే బలం పోతుందన్నాడు. తోలితే ఏం చెప్పమంటారు, బండి బండిలా లేదు. ఏ మలుపూ అతన్ని ఆపలేదు. తప్పుగా తిప్పినా చక్రాలు నేలను కరుచుకుని అతని తప్పును కప్పేశాయి. కొమ్మరాజు తప్పు చేస్తున్నాడని కొమ్మరాజుకే తెలియకుండా పోయింది. కిందినుంచి నడిచి వస్తున్న పోలమ్మ ఒకరోజు ఆగి చూసింది.

"అన్నా, ఈ బండి అరవడం లేదు."

"అరవడానికి ఇది నీ బండి కాదు."

"చక్రం జారేముందు అరిస్తేనే మనకు తెలిసేది. అది నోరు మూసుకుంటే ఎలా తెలుస్తుంది?"

కొమ్మరాజు నెమలి ఈకలు సర్దుకుని వెళ్లిపోయాడు.

పందెం రోజు వచ్చింది. నడినెత్తిన సూర్యుడు, కాలు పెడితే కాలే నేల. చెలమ చుట్టూ మందలన్నీ కాచుకుని ఉన్నాయి. చిట్టి పెద్దల కాళ్ల సందుల్లోంచి కొండవైపే చూస్తోంది. పైన జంబయ్య తాత బండి బండికీ వచ్చి ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. గవరయ్య అక్కడ లేనే లేడు. గౌరి తలవంచుకుని తనే పూశానని చెప్పింది.

"అయితే నువ్వు ఎక్కాలి తల్లీ."

కొమ్మరాజు ఒక్క క్షణం తటపటాయించాడు. గౌరి మాత్రం, "నేను చేసిన పని మీద నాకు నమ్మకం లేకపోతే ఎలా?" అంటూ ఎక్కి నెమలి ఈకల కింద సర్దుకుని కూర్చుంది.

తాత కర్ర కింద పడేశాడు. మూడు బండ్లూ కదిలాయి. మొదటి వాలులోనే కొమ్మరాజు అందరినీ దాటేశాడు. మేకల తరఫున తోలే మేకపోతు వెనకబడ్డాడు. పోలమ్మ మలుపు మలుపుకీ మొద్దు తన్నుతూ, చక్రాల కిర్రుకిర్రులు వింటూ తన పాటికి తను వస్తోంది. గొర్రెల మంద కింద గంతులు వేస్తోంది.

గుగ్గిలం గుణం ఏమిటో తెలుసా తల్లీ? చల్లగా ఉంటే పట్టుకుంటుంది. కాగితే కారుతుంది. తెల్లవారుజామున ఉడుములా కరిచిన జిగురు, కాలే నేల మీద సగం కొండ దిగేసరికి నూనెలా మారింది. కొమ్మరాజుకు ఆ సంగతి తెలియలేదు. వెనక కూర్చున్న గౌరికి తెలిసింది. పోలమ్మ మాటలు ఆమె చెవిన కూడా పడ్డాయో ఏమో, గుండు మలుపు ముందు మెల్లగా అంది:

"బండి మాట్లాడటం లేదయ్యా."

కొమ్మరాజు నోట్లో పగ్గాలున్నాయి, జవాబు చెప్పలేడు. రోజూ తిప్పినట్టే తిప్పాడు. చక్రాలు తిరిగాయి గాని బండి తిరగలేదు. కాలు తనంత తానే మొద్దు కోసం వెనక్కి తన్నింది. మొద్దు లేదు. కంగారులో పగ్గాలు అటూ ఇటూ లాగాడు. ఆ కుదుపుకు బండి అడ్డం తిరిగి, అంచు దాటి, గోతిలోకి బోర్లా పడింది. కొమ్మరాజు అంచున ఉన్న ముళ్లపొదలో పడ్డాడు, ఒక కొమ్ము విరిగింది. గౌరి బండితోనే పోయింది.

వెనక వస్తున్న పోలమ్మ అది చూసింది. చూసి ఆగలేదు. మొద్దు తన్ని, మలుపు తిరిగి, కిందికి వెళ్లిపోయింది. పాపమంటారా? చెలమ దగ్గర నాలుకలు చాపుకుని ఎదురుచూస్తున్న కుందేలు పిల్లల్ని అడిగి చెప్పండి. కిందికి చేరిందో లేదో, బండి వదిలేసి, ఒక్క గుక్క నీళ్లైనా తాగకుండా ఆ ఎండలో కొండెక్కి వెనక్కి వచ్చింది.

అప్పటికి కొమ్మరాజు కుంటుకుంటూ గోతిలోకి దిగాడు. రాళ్ల మధ్య గౌరి పడి ఉంది. మెడ వాలిపోయింది. చుట్టూ నెమలి ఈకలు. ఆమెకు నాలుగు అడుగుల దూరంలో, రాతి నీడలో, పొద్దుటినుంచీ అక్కడే ఉన్నట్టు నేల వెచ్చగా చేసుకుని గవరయ్య కూర్చుని ఉన్నాడు.

"అయ్యో చెల్లెమ్మా" అన్నాడు. అన్నాడే గాని మూతి నాక్కోవడం ఆపుకోలేకపోయాడు.

 కొమ్మరాజు గౌరికి అడ్డంగా నిలబడి, మిగిలిన ఒక్క కొమ్మూ వంచాడు. పొద్దు వాలేదాకా అలాగే నిలబడ్డాడు. పోలమ్మ, తాత, మేకలు కలిసి ఆమె మీద రాళ్లు పేర్చారు. గవరయ్య దూరంనుంచే అందరికీ వినపడేలా, మందు మంచిదేనని, తోలడం రాని చేతిలో పడిందని, ముళ్లలాంటి మాట చెప్పి వెళ్లిపోయాడు. అందులో సగం నిజం ఉంది కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

ఆ ఎండాకాలం గొర్రెలకు మళ్లీ తడి ఇసుకే. మందలో పిల్లలు చాలా పోయాయి. చిట్టి ఒక్కటి దక్కింది. ఎలాగంటే, కుందేళ్లు తాగే వేళ పోలమ్మ దాన్ని తన కాళ్ల మధ్య నిలబెట్టుకునేది. ఇది కుందేలు కాదు కదా అని ఒక ఉడత గొణిగితే, పోలమ్మ అటు తిరిగి ఒక చూపు చూసింది. మళ్లీ ఎవరూ అడగలేదు.

వానలు వచ్చాయి. కొండదారి పచ్చబడింది. ఒకనాడు పొద్దున్నే పోలమ్మ నడకకు బయల్దేరితే కొండ మొదట్లో కొమ్మరాజు నిలబడి ఉన్నాడు.

"అక్కా, నేనూ రానా?"

మొన్నటి 'ఏమే పోలమ్మా' ఎక్కడికి పోయిందని పోలమ్మ అడగలేదు. "రా అన్నా" అంది, అంతే.

ఏడాది పొడుగునా నడిచారు. పోలమ్మ నేర్పిందంటూ పెద్దగా ఏమీ లేదు. ఖాళీ బండిని తోయించి పక్కన నడిపించేది. చక్రం గొంతు ఎక్కడ మారిందో అక్కడ ఆపి, "ఏమంది?" అని అడిగేది. మొదట్లో కొమ్మరాజుకు ఏమీ వినపడేది కాదు. గుండు మలుపు దగ్గర మాత్రం అతను ఆగి, గోతిలోని రాళ్లకుప్పవైపు కాసేపు చూసేవాడు. అప్పుడు పోలమ్మ తన పాటికి తను ముందుకు పోయేది. ఆ చూపుల్లోనే ఒకరోజు అతనికి ఒక ప్రశ్న పుట్టింది. ఆ రోజు గవరయ్య గోతిలోకి మా కంటే ముందు ఎలా వచ్చాడు?

మళ్లీ ఎండలు ముదిరాయి. పందెం రోజు కొండ మీదికి వెళ్లేసరికి గవరయ్య బండరాయి మీద ఉన్నాడు, మేకపోతు బండి చక్రాలు గుగ్గిలంతో నిగనిగలాడుతున్నాయి. పూసింది మేకపోతు తమ్ముడు. వెనక కూర్చోబోయేది కూడా వాడే.

కొమ్మరాజు రెండు బండ్లు తోసుకొచ్చాడు. ఒకటి మామూలు బండి. రెండోది గోతిలోంచి లాగి బాగుచేసిన నిరుటి బండి. దాని చక్రాలకు తనే మళ్లీ గుగ్గిలం కాచి పూశాడు, నెమలి ఈకలు కూడా కట్టాడు. వెళ్లి గవరయ్య ముందు తల వంచాడు.

"బావా, నిరుడు తప్పు నాదేనన్నావు. నిజమే, నాదే. ఏడాది నడిచి తోలడం నేర్చుకున్నాను. నీ మందుమీద నాకింకా గురి ఉంది. ఈసారి దీన్నే తోలుతాను. గౌరి కూర్చున్న చోట నువ్వు కూర్చో."

గవరయ్య నవ్వాడు. "నేను ముట్టుకోలేదుగా బావా. కట్టుబాటు ప్రకారం నాకు పనిలేదు."

"కట్టుబాటు కోసం కాదు, నా కోరిక. ఈ మేకల ముందు నీ మందు ఎంత మంచిదో రుజువవుతుంది. అడవంతా నీ వెంటే తిరుగుతుంది."

మేకపోతు చూస్తున్నాడు, అతని తమ్ముడు చూస్తున్నాడు. కాదంటే కొత్త బేరం చెడిపోతుంది. అవునంటే బండెక్కాలి. గవరయ్య తలెత్తి సూర్యుణ్ణి చూశాడు, చక్రాలవైపు చూశాడు. అప్పటికే అంచులనుంచి ఒక చుక్క సాగి నేల మీద పడుతోంది. 

"ఎక్కుతాను, ఎందుకెక్కను. ఇప్పుడు కాదు, ఈ ఎండలో వద్దు. పొద్దు వాలి చల్లబడ్డాక అందరూ చూస్తుండగా ఎక్కుతాను."

 జంబయ్య తాత కర్ర ఊతంగా లేచి అడిగాడు.

"చల్లబడ్డాక ఏం మారుతుంది గవరయ్యా?"

 మేకపోతు తమ్ముడు బండి దగ్గరకు వెళ్లి గిట్టలతో చక్రాల జిగురు గీకడం మొదలుపెట్టాడు. మేకపోతు వెళ్లి మొద్దు తెచ్చి కట్టాడు.

తాత కోప్పడలేదు. ఇకనుంచి ముట్టుకున్నవాడే కాదు, సలహా చెప్పినవాడూ బండెక్కాలని కట్టుబాటు సవరించాడు. ఎక్కనన్నవాడికి చెలమ దగ్గర ఏ వంతూ లేదన్నాడు. గవరయ్య అందరి ముఖాలూ చూశాడు. ఒక్క ముఖమూ అతనివైపు తిరగలేదు. తోక కాళ్ల మధ్య పెట్టుకుని కొండ అవతలివైపు దిగిపోయాడు. అటువైపు కనుచూపుమేరలో నీళ్లు లేవు. తర్వాత అతన్ని చూసినవాళ్లు లేరు. వర్షాకాలంలో అటు మేతకు పోయినవాళ్లు ఒక ఎండిన తోక చూశామన్నారు. ఆ జీవికీ దేవుడే దిక్కవుగాక.

ఆ మధ్యాహ్నం కొమ్మరాజు మామూలు బండి ఎక్కాడు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు కాబట్టి వెనక బరువుకి రాయి కట్టాలి. గోతిలోని కుప్పలోంచి ఒక రాయి ముందే తెచ్చుకున్నాడు, గౌరి తూగేంత రాయి. గుండు మలుపు ముందు చక్రం కిర్రుమంది. కొమ్మరాజు విన్నాడు. మొద్దు తన్నాడు. బండి మలుపు తిరిగింది.

గెలిచింది మళ్లీ పోలమ్మే. కొమ్మరాజు రెండో వాడు. గొర్రెలకు ఆ ఏడు బురదనీళ్లు దొరికాయి. బురదనీళ్లతో ఏ పిల్లా చావలేదు. చిట్టి తాగుతుంటే అతను ఒంటికొమ్ము తల పక్కకు తిప్పుకుని, చెలమవైపు కాక కొండవైపు చూస్తూ నిలబడ్డాడు. రెండేళ్ల ముందే ఆ కిర్రుమనే చప్పుడు విని ఉంటే ఎన్ని నోళ్లు ఇప్పుడు ఆ నీళ్ల దగ్గర ఉండేవో లెక్క వేసుకుంటున్నాడని పోలమ్మకు తెలుసు. 

బండికి హంగులు ఎవరైనా చెప్పగలరు. దారిని మాత్రం ఎవరి కాళ్లతో వాళ్లే నేర్చుకోవాలి.